బరువులెత్తే పిల్లలకు తిండి సంగతి చెప్పండి

సంపాదకులకు నమస్కారం.

2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో రెండు లిఫ్టుల్లో కలిపి 240 కిలోలెత్తి కాంస్యం గెలిచిన కరణం మల్లీశ్వరి మన సిక్కోలు బిడ్డ. మా నెల్లిమర్ల మండలంలోని కొండవెలగాడ ఊరి పేరు లిఫ్టర్లందరికీ తెలుసు. అలాంటి గడ్డ మీద కొత్తగా బార్ పట్టిన పిల్లలు ఇంట్లో తిండి వదిలి డబ్బాల్లో అమ్మే ప్రోటీన్ పొడుల కోసం అప్పులు చేస్తుంటే బాధేస్తోంది.

కండ పెరగాలంటే కిలో ఒంటి బరువుకు రోజుకు 1.6 గ్రాముల ప్రోటీన్ సరిపోతుంది. 60 కిలోల కుర్రాడికి 96 గ్రాములు, అంటే నాలుగు పూటలకు 24 చొప్పున. సాధన అయిన రెండు గంటల్లోపు మూడు ఉడికించిన గుడ్లు, గ్లాసు పాలు తీసుకుంటే ఆ పూటది అందినట్టే. గుడ్డు తిననివారికి 50 గ్రాముల ఉలవలు ఉడికించి, గుప్పెడు వేరుశనగ గుళ్లు, గ్లాసు పాలు. పచ్చిగుడ్లు మాత్రం తాగొద్దు. వాటి ప్రోటీన్ సగమే ఒంటబడుతుంది.

చోడి (రాగి) అంబలి మంచిదే, కానీ గ్లాసుడు అంబలిలో ప్రోటీన్ రెండు మూడు గ్రాములే. దాని పక్కన పప్పో, గుడ్డో ఉండాలి. ఇంకో పొరపాటు, కొవ్వు పడుతుందని అన్నం మానేయడం. అప్పుడు తిన్న ప్రోటీన్‌లో కొంత కండకు చేరక శక్తి కోసమే ఖర్చవుతుంది, మర్నాడు బార్ లేవదు. మూత్రపిండాల జబ్బున్నవారు వైద్యుణ్ణి అడిగాకే ప్రోటీన్ పెంచాలి.

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల శిక్షణ కేంద్రాల్లో సాయంత్రం సాధన కాగానే పిల్లలకు గుడ్లు, పాలు అందేలా క్రీడాధికారులు చూడాలని కోరుతున్నాం.

– వెయిట్‌లిఫ్టింగ్ శిక్షకులు, నెల్లిమర్ల, విజయనగరం జిల్లా