నరం టెస్ట్ ఎప్పుడు చెయ్యాలో డిశ్చార్జ్ కాగితం మీద రాయండి

ఎడిటర్ గారికి నమస్తే,

మా తమ్ముడు సెంట్రింగ్ పని చేస్తాడు. పోయినేడాది పరంజా మీద నుంచి పడి మోచెయ్యి విరిగింది, పిండికట్టు (స్లాబ్) వేశారు, చిటికెన వేలూ ఉంగరం వేలు సగమూ మొద్దుబారాయి సార్ అంటే మూడో రోజే నరం టెస్ట్, అంటే నరానికి కరెంట్ పెట్టి అందులో కబురు ఎలా పోతుందో చూసేది, చేయించారు. మోచేతికి కట్టుంది కదా, అందుకని మణికట్టు దగ్గరే కరెంట్ పెట్టి చూసి నార్మల్ అన్నారు, మేమూ హమ్మయ్య అనుకుని ఇంటికొచ్చేశాం. ఏడు నెలలకి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య కండ గుంటపడిపోయింది, ఇప్పుడు బండి తాళం కూడా తిప్పలేడు.

తర్వాత ఇంకో డాక్టర్ చెప్తేగానీ మాకు తెలీలేదు. పైన నరం తెగినా కింది ముక్క వెంటనే చచ్చిపోదంట, కొన్ని రోజుల దాకా ఆ కింది ముక్కకి కరెంట్ పెడితే వేళ్ళు కదుల్తూనే ఉంటాయి. అందుకే దెబ్బ తగిలితే సుమారు 3 వారాలు దాటాక మళ్ళీ చెయ్యాలి, కండలోకి సూది గుచ్చి కండకి నరం అందుతుందో లేదో చూసే ఈఎంజీతో పాటు. తెగిన నరం రోజుకి దాదాపు 1 మిల్లీమీటరే పెరుగుద్ది, మోచేతి నుంచి చేతి కండల దాకా రావాలంటే ఎన్ని నెలలో లెక్కేస్కోండి, అన్నాళ్ళు నరం నుంచి కబురు అందకపోతే ఆ కండలు ఏడాది, ఏడాదిన్నరకి మించి ఆగవు. మాకు పోయిన ఏడు నెలలు ఎవరిస్తారు?

దెబ్బ లేకుండా మోచేతి దగ్గర ఇదే నరం నొక్కుకుపోయి వచ్చేది వేరు. మా పక్కింటి అక్క టైలరింగ్ చేస్తది, మోచెయ్యి బల్లకి ఆనించీ ఆనించీ, రాత్రుళ్ళు చెయ్యి మడిచి పడుకునీ మెల్లగా తిమ్మిర్లు మొదలయ్యాయి. ఆమెకి మోచేతికి పైనా కిందా రెండు చోట్లా కరెంట్ పెట్టి నరంలో కబురు పోయే స్పీడ్ కొలిచారు, మామూలుగా సెకనుకి సుమారు 50 మీటర్లు, అంతకన్నా ఎక్కువ ఉండాల్సింది మోచేతి దగ్గర బాగా తగ్గింది, నొక్కుడు అక్కడేనని తేలింది. టెస్ట్ చోటు చెప్పుద్ది గానీ కారణం చెప్పదు, షుగర్ ఉందా, చిన్నప్పుడెప్పుడో ఆ మోచెయ్యి విరిగిందా అని అడగాలి, చేత్తో తడిమి నరం లావెక్కిందేమో చూడాలి, కుష్ఠులో ఎక్కువగా దెబ్బతినే నరాల్లో మోచేతి దగ్గరి ఈ నరం ఒకటి, ఒంటి మీద మచ్చ కనపడకపోయినా అనుమానించాలి.

తెలంగాణ డయాగ్నొస్టిక్స్‌లో రక్తపరీక్షలు ఫ్రీగా చేస్తున్నారు, సంతోషం. ఈ నరం మిషన్, దాన్ని నడిపే టెక్నీషియన్ జిల్లాకి ఒక్కరైనా ఉంటే మేం కూలి మానుకుని బస్సెక్కి హైదరాబాద్ వచ్చి 3 వేలు కట్టే పనుండేది కాదు. అదొచ్చేలోపు ఖర్చులేని పని ఒకటుంది, ఎముకల వార్డులో వేళ్ళు మొద్దుబారాయన్న ప్రతి మనిషి డిశ్చార్జ్ కాగితం మీద ఫలానా తేదీకి నరం టెస్ట్ అని రాసి, ఎందుకో ఇంట్లోవాళ్ళకి తెలుగులో చెప్పి పంపండి.

ఇట్లు,
ఒక సర్కారు బడి టీచర్