పాడుతున్న రోజుల్లోనే రాయండి

సంపాదక మహాశయులకు,

నమస్కారం. పాశ్చాత్య సంగీతంలో పాత తరం గాయకుల ప్రస్తావన మన పత్రికల్లో చాలావరకు వారు కన్నుమూసిన మరునాడే కనిపిస్తుంది. వారు ఇంకా వేదికనెక్కి పాడుతున్న రోజుల్లోనే వారి గురించి రాయవలసిందిగా కోరుతూ, టోక్యోలో బాజ్ స్కాగ్స్ కచేరీ విన్న శ్రోతగా ఈ లేఖ పంపుతున్నాను.

అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో 1944లో పుట్టి, తొలినాళ్లలో స్టీవ్ మిల్లర్ బృందంలో పాడిన ఈయనకు గొప్ప పేరు తెచ్చిన ఆల్బమ్ 1976 నాటి ‘సిల్క్ డిగ్రీస్’. అందులోని ‘లోడౌన్’ పాటకు గ్రామీ పురస్కారం దక్కింది. దానికి వాయిద్య సహకారం అందించిన డేవిడ్ పేచ్, జెఫ్ పోర్కారో, డేవిడ్ హంగేట్ తరువాత టోటో అనే రాక్ బృందం వ్యవస్థాపకుల్లో ఉన్నారు. సోల్ సంగీతపు లయనూ సాఫ్ట్ రాక్ మార్దవాన్నీ కలిపిన ఈ బాణీని జపాన్ శ్రోతలు ఏఓఆర్ (అడల్ట్ ఓరియెంటెడ్ రాక్) అనే పేరుతో సొంతం చేసుకున్నారు. అక్కడి పాత రికార్డుల దుకాణాల్లో దానికి ప్రత్యేకంగా ఒక అర కేటాయించడం నేటికీ చూడవచ్చు.

నేను విన్ననాటికి ఆయన వయస్సు ఎనభైకి చేరువలో ఉంది. తారస్థాయిలో గొంతు ఒకప్పటిలా నిలవలేదన్న మాట నిజమే. అయితే ఆయన దానిని దాచడానికి ప్రయత్నించక, పై స్వరాలను అందుకోవలసిన చోట పాటను కిందికి మలుపుకొని, మాటకూ మాటకూ నడుమ కాస్త వ్యవధి ఇస్తూ పాడిన తీరులో, పడుచుతనపు రికార్డులో లేని ఒక నిండుదనం నాకు వినిపించింది. ‘లోడౌన్’ బేస్ గిటార్ మొదలవగానే నా పక్కనున్న పెద్దాయన, ఆఫీసు నుంచి నేరుగా వచ్చినట్టున్నారు, కోటు కూడా విప్పకుండా మోకాలిపై వేళ్లతో తాళం వేయసాగారు. ‘వియ్ ఆర్ ఆల్ అలోన్’ ముగిసినప్పుడు పియానో నాదం పూర్తిగా అణగేవరకు హాలులో ఒక్కరూ చప్పట్లు కొట్టలేదు. ఫోన్లు పైకెత్తి చిత్రీకరించినవారూ లేరు. గొంతు సన్నగిల్లిన గాయకుడికి ఇటువంటి నిశ్శబ్దం ఎంత ఆసరాగా నిలుస్తుందో అక్కడ కూర్చుంటే తప్ప తెలియదు. మెల్లగా పలికిన పదం కూడా చివరి వరుస దాకా చేరుతుంది. స్వరం తగ్గిన గాయకులు గౌరవంగా తప్పుకోవాలనే వాదనను నేను ఇక ఎంతమాత్రం అంగీకరించలేను.

ఇదే బాణీలో పాడి, జపాన్‌లో ‘మిస్టర్ ఏఓఆర్’ అనిపించుకున్న బాబీ కాల్డ్‌వెల్ 2023 మార్చిలో మరణించారు. ఆయన అక్కడ పదేపదే కచేరీలు చేసినన్నాళ్లూ నా కంటపడని వార్త, మరణానంతరమే కనిపించడం నన్ను ఇప్పటికీ బాధిస్తోంది.

కాబట్టి ఈ తరం గాయకులు టోక్యో, ఒసాకా వంటి నగరాలకు వచ్చినప్పుడు ఆ కచేరీలపై సమీక్షలు ప్రచురించండి. విలేకరిని అంత దూరం పంపడం సాధ్యం కాకపోతే, జపాన్‌లో నివసించే తెలుగు పాఠకులను రాయమని ఆహ్వానించండి. వారికి మీ ఆదివారం సంచికలో అర పుట కేటాయించినా చాలు.

భవదీయుడు,
ఒక పాఠకుడు