పక్క పేజీ కూడా చదివించండి

సంపాదకుడు గారికి,

నమస్కారం. "ఆరు వందల ఏళ్ల మిస్టరీ వీడింది" అంటూ ఎవరికీ అంతుపట్టని లిపిలో ఉన్న వోయ్నిచ్ రాతప్రతి మీద ఆ మధ్య మళ్లీ ఒక వార్త చూశాను. ఎవరో ఔత్సాహికుడు దాన్ని చదివేశాడట. ఇటువంటి వార్త రెండు మూడేళ్లకోసారి వస్తూనే ఉంది. 2017లో అది ఆడవాళ్ల ఆరోగ్యం మీద లాటిన్ పొడి అక్షరాల్లో రాసిన పుస్తకమన్నారు. 2019లో బ్రిస్టల్ విశ్వవిద్యాలయానికి చెందిన ఒకాయన రెండు వారాల్లో చదివేశానన్నారు. రోజులు తిరక్కుండానే ఆ విశ్వవిద్యాలయం ఆ ప్రకటనను తన వెబ్‌సైటు నుంచి తీసేసింది. చదివేశారన్న వార్త పెద్దక్షరాల్లో వస్తుంది, అది నిలబడలేదన్న వార్త రానే రాదు. పాఠకుడి మనసులో ఆ పుస్తకాన్ని ఇప్పటికి నాలుగైదు భాషల్లో చదివేసినట్టే మిగిలిపోతుంది. అందుకే ఈ ఉత్తరం.

తెలియనివారి కోసం నాలుగు ముక్కలు. అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయపు బైనెకీ గ్రంథాలయంలో 408వ నంబరు రాతప్రతి అది. దూడతోలు పుటలు, దాదాపు 240 పేజీలు, పట్టుకుంటే మామూలు నోటుబుక్కంత. 1912లో రోము దగ్గర జెసూట్లనే క్రైస్తవ సన్యాసుల నుంచి పాత పుస్తకాల వ్యాపారి విల్‌ఫ్రిడ్ వోయ్నిచ్ కొన్నాడు. ఏ మొక్కలో తేలని మొక్కల బొమ్మలు, రాశిచక్రాలు, ఆకుపచ్చ నీళ్లలో నిలబడ్డ స్త్రీలు, వాటి చుట్టూ మరెక్కడా కనిపించని లిపి. 1944లో ఒక వృక్షశాస్త్రజ్ఞుడు ఆ బొమ్మల్లో అమెరికా ఖండపు మొక్కలైన పొద్దుతిరుగుడు పువ్వునూ మిరపకాయనూ గుర్తుపట్టానని, కాబట్టి అది కొలంబస్ తర్వాతదేనని తేల్చాడు. 2009లో అరిజోనా విశ్వవిద్యాలయంలో తోలుకు కార్బన్ పరీక్ష చేస్తే అది 1404–1438 మధ్యదని, అంటే కొలంబస్ కంటే ముందుదని వచ్చింది. జపాన్ వాళ్ల 'పర్పుల్' అనే రహస్య సంకేతాన్ని ఛేదించిన బృందానికి పెద్ద అయిన విలియం ఫ్రీడ్‌మన్ కూడా దశాబ్దాలపాటు దీనితో కుస్తీ పట్టాడు, చదవలేకపోయాడు.

నేను టెలిగ్రాఫ్ ఆఫీసులో మోర్స్ కొట్టి రిటైరైనవాణ్ణి. చుక్కా గీతా వింటే మాట కట్టడం చేతికి అలవాటైన పని. యేల్ వాళ్లు పేజీలన్నీ ఇంటర్నెట్‌లో ఉచితంగా పెట్టారని తెలిశాక మొక్క బొమ్మ ఉన్న ఒక పేజీని మా మనవరాలి చేత ప్రింటు తీయించుకున్నాను. గుర్తుకో తెలుగు హల్లు చొప్పున పట్టీ వేసుకున్నాను. అచ్చులు మాత్రం సందర్భాన్ని బట్టి నేనే చేర్చుకోవచ్చని నియమం పెట్టుకున్నాను. రాత్రి ఒంటిగంటకు "వేరు", "నూరి", "నీరు" వచ్చాయి. పక్కనే వేరు బొమ్మ! నా చేతులు వణికాయంటే నమ్మండి. పొద్దున మనవరాలికి చూపిస్తే ఆ పిల్ల రెండు పనులు చేసింది. ముందు, "తాతయ్యా, ఇదే పట్టీతో పక్క పేజీ చదువు" అంది. ఒక్క మాటా కుదరలేదు. తర్వాత అవే గుర్తుల్ని కళ్లు మూసుకుని ఏరి కాగితం మీద ఒక వరుస రాసిచ్చింది. నా నియమంతో ఆ వరుసలోనూ "నూరు", "నేర" దొరికాయి. అచ్చులు నా ఇష్టానికి వదిలేసిన పట్టీ ఏ రాతలోనైనా నా భాషనే చూపిస్తుందని అప్పుడు అర్థమైంది. ఆ పుస్తకం ఒకరికి టర్కిష్‌గా, ఒకరికి హీబ్రూగా, మరొకరికి లాటిన్‌గా కనిపించడంలో వింత లేదు. అబద్ధమాడాలని వాళ్లెవరూ అనుకోలేదు. ఆ రాత్రి నేనూ అనుకోలేదు.

చదువుకున్నవారికీ ఈ కష్టం తప్పలేదు. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో తత్వశాస్త్రం చెప్పిన విలియం న్యూబోల్డ్ ఒక్కో అక్షరంలో భూతద్దానికి మాత్రమే కనిపించే పొట్టి గీతలున్నాయని, ఇది పదమూడో శతాబ్దపు ఇంగ్లీషు పండితుడు రోజర్ బేకన్ రాసిన రహస్యమని 1921లో ప్రకటించాడు. ఆ గీతలు గరుకు తోలు మీద సిరా ఎండి పగిలిన బీటలేనని 1931లో జాన్ మ్యాన్లీ చూపించాడు. అప్పటికి న్యూబోల్డ్ లేడు.

మరి నిజంగా చదివితే ఎలా తెలుస్తుంది? మైకేల్ వెంట్రిస్ వృత్తికి ఆర్కిటెక్ట్. క్రీటు, గ్రీసుల్లో దొరికిన మట్టిపలకల మీది లీనియర్ బి లిపిని 1952లో చదివాడు. అంతకు ముందు ఏళ్ల తరబడి అది ఇటలీ ప్రాచీన భాష ఎట్రుస్కన్‌కు దగ్గరి భాష అని నమ్మినవాడే. తన పట్టీ గ్రీకు వైపు లాగుతుంటే ఆ నమ్మకాన్ని పక్కనపెట్టాడు. ఆ తర్వాత సంగతే నాకు ముఖ్యం. తవ్వకాలు జరిపిన కార్ల్ బ్లెగెన్ దగ్గర వెంట్రిస్ అప్పటికి చూడని పలక ఒకటుంది. దాని మీద మూడుకాళ్ల పాత్రల బొమ్మలు, పిడుల లెక్కతో సహా కుండల బొమ్మలు ఉన్నాయి. వెంట్రిస్ పట్టీ పెట్టి చదివితే మూడుకాళ్ల పాత్ర పక్కన 'తిరిపోదె' అని, అంటే మూడుకాళ్లవి అనే గ్రీకు మాట వచ్చింది, నాలుగు పిడుల కుండ పక్కన 'నాలుగు' అన్న అర్థమున్న గ్రీకు మాట వచ్చింది. పట్టీ తయారు చేయడానికి వాడని రాతను ఆ పట్టీయే చదివింది. మన తెలుగు లిపికి మూలమైన బ్రాహ్మిని 1837లో చదివిన జేమ్స్ ప్రిన్సెప్ కలకత్తా టంకశాల ఉద్యోగి. సాంచీలో చిన్నచిన్న శాసనాల చివర ఒకే మాట మళ్లీ మళ్లీ రావడం గమనించి అది 'దానం' అని పట్టుకున్నాడు. ఆ అక్షరాలతోనే అశోకుడి శాసనాలు ఎవరు చదివినా ఒకే అర్థం వచ్చింది.

కాబట్టి ఔత్సాహికులను వెక్కిరించమని నేను రాయడం లేదు. వోయ్నిచ్ పుస్తకం గురించి ఇవాళ గట్టిగా తెలిసిన విషయాల్లో వాళ్ల చెమట చాలా ఉంది. 1639లో ప్రాగ్ నుంచి అప్పటి దాని యజమాని గియోర్గ్ బారెష్ ఈ పుస్తకం గురించి రోములోని జెసూట్ పండితుడు అథనాసియస్ కిర్చర్‌కు రాసిన ఉత్తరాన్ని వెతికి పట్టుకున్న రెనే జాండ్‌బెర్గెన్ అంతరిక్ష రంగంలో ఇంజనీరు. 2023లో పదహారో శతాబ్దపు స్కాట్లండ్ రాణి మేరీ స్టువర్ట్ గూఢలిపిలో రాసిన 50కి పైగా ఉత్తరాలను చదివిన ముగ్గురిలో ఒకరు పియానో వాయించే సంగీతాచార్యుడు. ఆ ఉత్తరాలు పారిస్‌లోని జాతీయ గ్రంథాలయంలో ఇటలీ కాగితాల మధ్య ఊరూ పేరూ లేకుండా పడి ఉన్నాయి. వీళ్లు చేసింది లెక్కపెట్టడం, సరిచూడడం, ఇతరుల చేతికిచ్చి సరిచూపించడం. అటువంటి పనికి మీ పత్రికలో అంగుళం చోటైనా దొరకడం లేదని నా బాధ.

వోయ్నిచ్ రాతలో లెక్కకు దొరికేది చాలానే ఉంది. కొన్ని గుర్తులు మాట మొదట్లోనే వస్తాయి, కొన్ని చివరనే. ఒకే మాట వెంటవెంటనే రెండు మూడుసార్లు వస్తుంది. రాతలో రెండు రకాల పోకడలున్నాయని 1976లో సంకేతలిపి నిపుణుడు ప్రెస్కాట్ కర్రియర్ చూపించాడు. లేఖకులు అయిదుగురని 2020లో పాత రాతప్రతుల పండితురాలు లిసా ఫేగిన్ డేవిస్ చేతిరాతను బట్టి నిర్ణయించారు. చదివానని వచ్చేవారు వీటికి జవాబు చెప్పాలి గదా. పది మాటలు ఏరి అర్థం చెప్పి, మిగతాది తర్వాత చెబుతానంటే అది వార్త ఎలా అవుతుంది?

నా విన్నపం చిన్నదే. ఇటువంటి ప్రకటన వచ్చినప్పుడు శీర్షికలో "వీడింది" అనకుండా "అంటున్నారు" అనండి. నెల తర్వాత ఏమైందో అదే పేజీలో, అంతే చోటులో రాయండి. ఎవరైనా మన ఊరివారే పట్టీ పట్టుకుని మీ ఆఫీసుకు వస్తే కూర్చోబెట్టి, కాఫీ ఇచ్చి, ఆయన ఇంతవరకు చూడని పేజీ ఒకటి ప్రింటు తీసి చేతికివ్వండి. ఆయన పట్టీనే ఇంకొకరి చేతికిచ్చి, ఇంకో గదిలో అదే పేజీ చదివించండి. రెండు కాగితాలూ కలిస్తే మొదటి పేజీలో వేయండి. ఆ రోజు మా వీధిలో పత్రిక అందరికంటే ముందు కొనేది నేనే.

ఇట్లు,
విశ్రాంత టెలిగ్రాఫ్ ఉద్యోగి,
తెనాలి