పట్టి తెచ్చిన విషసర్పాలను ఒకే డబ్బాలో ఉంచి ఆహారం వేయవద్దు: అటవీ శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన తెలంగాణ రాష్ట్ర అటవీ, పర్యావరణ శాఖ మంత్రివర్యులకు,

నమస్కారములు. నల్గొండ జిల్లాలో జంతుశాస్త్రం బోధించి పదవీ విరమణ చేశాను. ఇప్పుడు ఇక్కడ పాములు పట్టి కాపాడే యువకులతో కలిసి పనిచేస్తున్నాను. ఇళ్లలోనూ పొలాల్లోనూ పట్టిన విషసర్పాలను తిరిగి వదిలే వరకు ఉంచుతున్న పద్ధతి గురించి, ముఖ్యంగా వాటికి ఆహారం వేసే తీరు గురించి తమకు విన్నవించుకోవడానికి ఈ లేఖ రాస్తున్నాను. రెండు మూడు పాములను ఒకే డబ్బాలో వేసి, వాటి మధ్యకు ఎలుకలను వదలడం మా వైపు ఇంకా జరుగుతూనే ఉంది. దీన్ని ఆపడానికి తమ శాఖ నుంచి ఒక స్పష్టమైన ఉత్తర్వు వస్తే చాలు.

తొలకరి పడి, సాగర్ ఎడమ కాలువ కింద నాట్లు మొదలయ్యేసరికి మిర్యాలగూడ, హాలియా ప్రాంతాల్లో పాములు పట్టేవారికి ఫోన్లు ఆగవు. ధాన్యం ఉన్నచోట ఎలుక, ఎలుక ఉన్నచోట నాగుపాము, రక్తపింజర తప్పవు. మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్ వైపు మెట్ట చేలల్లో, రాళ్ల గుట్టల్లో చిన్నపింజరలు దొరుకుతాయి. రాత్రిపూట ఇళ్లలోకి కట్లపాములు వస్తాయి. పట్టినవాటిని అటవీ సిబ్బందికి వీలు చిక్కేదాకా ఏదో ఒక గదిలో, నీళ్ల డ్రమ్ముల్లోనో మూత బిగించిన ప్లాస్టిక్ డబ్బాల్లోనో ఉంచుతారు. వానాకాలంలో పాముల సంఖ్య పెరిగి డబ్బాలు చాలనప్పుడు, ఒకదానిలో ఉన్న పాము పక్కకే మరొకటి చేరుతుంది.

పాము ఆహారాన్ని గుర్తించేది ప్రధానంగా వాసనతో. నాలుక బయటికి చాపి గాలిలోని వాసనను పట్టి, అంగిట్లో ఉండే జాకబ్సన్ అవయవానికి చేరవేస్తుంది. ఎలుక వాసన డబ్బా అంతా కమ్ముకున్నాక ఆకలితో ఉన్న నాగుపాము కదిలే ప్రతిదాన్నీ అందుకోబోతుంది. పక్కన ఉన్న పాము ఒంటికీ అదే వాసన అంటుకొని ఉంటుంది.

ఒక గదిలో ఇది నేను దగ్గరగా చూశాను. రెండు నాగుపాములున్న డ్రమ్ములోకి ఒకే ఎలుకను వేశారు. పెద్దది తలవైపు పట్టింది, చిన్నది వెనక కాళ్లు పట్టింది. పాము పళ్లు గొంతువైపుకు వంగి ఉంటాయి కాబట్టి నోట పట్టినదాన్ని విడవడం దానికి సులువు కాదు. కుడి దవడ, ఎడమ దవడ ఒకదాని తర్వాత ఒకటి ముందుకు జరుపుకుంటూ మింగడమే దానికి తెలిసిన దారి. రెండూ అలాగే మింగుకుంటూ వచ్చి ఎలుక నడుము దగ్గర మూతులు తాకించుకున్నాయి. పెద్దదాని నోరు చిన్నదాని ముక్కును దాటి కళ్ల దాకా కమ్ముకుంటున్నప్పుడు, అక్కడున్న యువకుడు ఒక చేత్తో పాముల కొక్కెంతో పెద్దదాన్ని అదిమి, మరో చేత్తో పొడవాటి కత్తెర లోపలికి దించి ఎలుకను మధ్యకు కోశాడు. విషసర్పాల రెండు తలలకు జానెడు దూరంలో అతని వేళ్లు ఉన్నాయి. చిన్న పాము బతికింది గాని, దవడ పొడవునా గాట్లు పడ్డాయి. ఆ తర్వాత వారాల తరబడి అది దేన్నీ ముట్టలేదు. కత్తెర అందడం ఒక్క నిమిషం ఆలస్యమై ఉంటే పెద్దది దాన్ని ఎలుకతోపాటే మింగడం మొదలుపెట్టేది.

నాగుపాము విషం మరో నాగుపామును సులభంగా చంపదు కాబట్టి కలిపి ఉంచినా ఫరవాలేదని కొందరు అంటారు. తన జాతి విషాన్ని పాము చాలావరకు తట్టుకుంటుందన్న మాట నిజమే. అయితే కోర దిగిన గాయాన్ని ఆ శక్తి మాన్పదు. ఆ గాయంలో చీము పడితే డ్రమ్ము అడుగున ఉన్న పామును గమనించేవారు ఉండరు. పైగా వేరే జాతి విషం ముందు ఆ రక్షణను నమ్ముకోవడానికి లేదు. కట్లపాము ఎలుకలను తిన్నా, దాని సహజ ఆహారంలో ఇతర పాములదే పెద్ద వాటా. నాగుపాము కూడా అవకాశం దొరికితే పామును తింటుంది. ఈ రెండింటిలో దేన్నైనా మరో పాముతో కలిపి ఉంచడమంటే దాని ముందు ఆహారం పెట్టడమే.

బయటికి కనబడని నష్టం ఇంకొకటి ఉంది. రక్తపింజర వెంటబడి వేటాడదు. కదలకుండా పొంచి ఉండి, దగ్గరికి వచ్చినదాన్ని కాటేస్తుంది. చురుగ్గా తిరిగే నాగుపాము పక్కన దాన్ని పెడితే వేసిన ఎలుకలన్నీ నాగుపాము కడుపులోకే పోతాయి. తెల్లవారి డబ్బా ఖాళీగా కనబడితే రెండూ తిన్నాయని రాసుకుంటారు. ఒకే జాతిలోనూ ఇంతే: బలమైనది తింటుంది, భయపడినది మూలన చుట్టచుట్టుకొని ఉండిపోతుంది. డబ్బాలో కక్కిన ఎలుక కనబడితే అది ఏ పాము కక్కిందో తెలియదు. ఏది తిన్నదో, ఏది పస్తున్నదో, దేనికి జబ్బో చెప్పలేని చోట సంరక్షణ జరుగుతోందని నేను ఒప్పుకోలేను.

పెనవేసుకున్న పాములను చూస్తే మన పల్లెల్లో అవి జతకట్టాయని నమ్మి, పైన తెల్లటి గుడ్డ వేసేవారు ఇప్పటికీ ఉన్నారు. తల పైకెత్తి పెనవేసుకొని, ఒకదాని తలను ఒకటి నేలకు అదమాలని చూసేవి చాలాసార్లు రెండు మగపాములు. జెర్రిపోతుల్లో ఇది తరచుగా కనబడుతుంది, రక్తపింజరల్లోనూ ఉంది. ఇది ఆడపాము కోసం జరిగే బలపరీక్ష, ఆహారం కోసం జరిగే పెనుగులాట వేరు. పొలంలోనైతే ఓడిన పాము జారుకొని వెళ్లిపోతుంది, అక్కడితో పోరు ముగుస్తుంది. డ్రమ్ములో వెళ్లడానికి చోటేది? అమెరికాలో కాపర్‌హెడ్ అనే విషసర్పాల మీద చేసిన పరిశోధనలో, పోరాటంలో ఓడిన మగపాముల రక్తంలో ఒత్తిడిని సూచించే కార్టికోస్టెరోన్ అనే హార్మోన్ పెరిగినట్టు తేలింది. గెలిచినదాని పక్కనే రోజుల తరబడి మూసి ఉంచిన పాము ఆహారం ముట్టకపోవడంలో ఆశ్చర్యం లేదు.

ఇక మనుషుల సంగతి. 2000 నుంచి 2019 వరకు మన దేశంలో పాముకాటుతో ఏటా సగటున 58,000 మంది చనిపోయారని అంచనా; ఎక్కువ మరణాలు జరిగిన రాష్ట్రాల్లో అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రాంతమూ ఉంది. ఆ మరణాలను 2030 నాటికి సగానికి తగ్గించాలని కేంద్ర ప్రభుత్వం 2024లో జాతీయ కార్యాచరణ ప్రణాళికను ప్రకటించింది. పల్లెలో ఎవరినీ పాము కరవకూడదని అర్ధరాత్రి బండి వేసుకొని వెళ్లే యువకుడిని డబ్బా దగ్గర ప్రమాదంలో పెట్టడం న్యాయమా? ఆహారం వేసే వేళే పాము అత్యంత చురుగ్గా ఉంటుంది, ఎలుకను పట్టుకున్న చేతికి ఎలుక వాసనే ఉంటుంది. ఒక పాము మీద దృష్టి నిలిపినప్పుడు రెండోది ఎటు నుంచి వస్తుందో చూడటం ఎవరి తరమూ కాదు. అది కట్లపాము అయితే కాటు పెద్దగా నొప్పి కూడా పెట్టదు. గంటల తర్వాత కనురెప్పలు వాలి, ఊపిరి అందక, వెంటిలేటర్ ఉన్న ఆసుపత్రి కోసం వెతుక్కోవలసి వస్తుంది.

నేను కోరుతున్న పద్ధతి కష్టమైనది కాదు. ఒక పాముకు ఒక డబ్బా. దానికి గాలి రంధ్రాలు, గట్టి గొళ్లెం, లోపల దాక్కోవడానికి చోటు, చిన్న నీళ్ల పాత్ర ఉండాలి. డబ్బా మీద పాము జాతి, పట్టిన ఊరు, పట్టిన తేదీ, ఆహారం వేసిన తేదీ రాసి ఉండాలి. అంతకన్నా ముఖ్యంగా, ఆరోగ్యంగా ఉన్న పెద్ద పాముకు అసలు ఆహారం వేయనే కూడదు. వారం పది రోజులు తినకపోయినా దానికి ఏమీ కాదు. జాలిపడి ఎలుకను వేసి, కడుపు నిండిన పామును మర్నాడు జీపులో కుదుపుతూ తీసుకెళ్తే దారిలోనే కక్కేస్తుంది. దానికి మనం చేయగలిగిన మేలు, ఒకటి రెండు రోజుల్లో, పట్టిన చోటికి వీలైనంత దగ్గరలో ఇళ్లు లేనిచోట వదలడమే. ఎక్కడో పట్టిన పామును దూరాన ఉన్న నల్లమలలో వదిలితే, దాక్కునే బొరియ తెలియక, ఆహారం దొరికే చోటు తెలియక తిరుగుతూ అది చనిపోయే ప్రమాదం ఉంది.

ఆహారం అవసరమయ్యేది గాయపడినవాటికి, చికిత్సలో ఉన్నవాటికి, గుడ్ల నుంచి ఇక్కడే బయటికి వచ్చిన పిల్లలకు. వాటికి కూడా చంపిన ఎలుకనే, పొడవాటి పట్టుకారుతో, ఒక్కొక్కదానికి విడిగా అందించాలి. ప్రాణంతో ఉన్న ఎలుక మూలన చిక్కితే పామునే కొరుకుతుంది. కట్లపాము రాత్రి తిరిగే ప్రాణి కాబట్టి దానికి పగలు వేసి ప్రయోజనం లేదు. తినకుండా వదిలేసిన ఎలుకను తెల్లారేసరికి తీసేయాలి. నాగుపాము పిల్లలను కూడా వేరువేరు డబ్బాల్లోనే పెంచాలి, అవి ఒకదాన్నొకటి తినగలవు.

డబ్బులు లేవనీ, చోటు లేదనీ కింది సిబ్బంది చెప్పేది వారి తప్పు కాదు, వారి చేతిలో నిజంగానే ఏమీ లేదు. అయితే ఇందుకు పెద్ద భవనాలు అక్కర్లేదు. తమిళనాడులో 1978లో ఏర్పడిన ఇరుల పాములు పట్టేవారి సహకార సంఘం మట్టికుండల్లో పాములను ఉంచి, విషం తీసుకొని, తిరిగి వదిలేస్తోంది. మన దేశంలో విరుగుడు మందు తయారీకి వాడే విషం చాలావరకు అక్కడి నుంచే వస్తుంది. ఒకే జాతి పాము విషం ప్రాంతాన్ని బట్టి మారుతుందని తేలిన తర్వాత, ప్రాంతాలవారీగా విషం సేకరించాలని నిపుణులు గట్టిగా చెబుతున్నారు. రేపు దక్షిణ తెలంగాణలో అలాంటి కేంద్రం వస్తే పాములు వందల్లో ఉంటాయి, అలవాట్లు ఇప్పుడు ఉన్నవే కొనసాగుతాయి. అందుకే ఆ రోజు కన్నా ముందే ఈ నియమం ఉండాలని కోరుతున్నాను.

కాబట్టి వచ్చే వానాకాలానికి ముందే నల్గొండ, మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్ జిల్లాల అటవీ అధికారులకు ఈ మేరకు ఉత్తర్వులివ్వాలని, ప్రతి రేంజ్ కార్యాలయానికీ విడి డబ్బాలు, కొక్కేలు, పట్టుకారులు సమకూర్చాలని, నెహ్రూ జంతుప్రదర్శనశాలలో సరీసృపాలను చూసుకునే అనుభవజ్ఞుల చేత బీట్ సిబ్బందికి, గుర్తింపు పొందిన పాములు పట్టేవారికి శిక్షణ ఇప్పించాలని ప్రార్థిస్తున్నాను. పరిశీలనకు తమ తరఫున ఒక అధికారిని పంపితే, ఇక్కడి యువకులు తమ గదులను, డబ్బాలను, రాసుకున్న పుస్తకాలను చూపడానికి సిద్ధంగా ఉన్నారు.

భవదీయుడు,
విశ్రాంత జంతుశాస్త్ర అధ్యాపకుడు,
నల్గొండ జిల్లా