పెడల్ ఇప్పుడే పంపను

ఇప్స్విచ్, ఇంగ్లండ్,
ఆదివారం రాత్రి.

ఒరేయ్ చిన్నా,

వాయిస్ మెసేజ్ పెడితే సగం విని ఆపేస్తావని ఉత్తరం రాస్తున్నాను. లూప్ పెడల్, అదే వాయించింది పట్టుకుని తిప్పి తిప్పి వినిపించే ఆ పెట్టె, కొని పంపమని మూడు నెలల నుంచి నా ప్రాణం తీస్తున్నావు కదా. ఇప్పుడే పంపను. ఎందుకో చెప్తాను, అలగకుండా చదువు.

నేను ఇక్కడికి వచ్చిన కొత్తలో మా ఆస్పత్రి వార్డులో ఒక ముసలాయన నీలం జెర్సీ వేసుకుని కూర్చునేవాడు. దాని మీద కూడిక, తీసివేత, గుణకారం, భాగహారం గుర్తులు. ఏదో లెక్కల ట్యూషన్ వాళ్లు పంచిన చొక్కా కాబోలు అనుకున్నాను. అడిగితే ఆయన పగలబడి నవ్వాడు. అది ఈ ఊరి ఫుట్‌బాల్ జట్టు చొక్కా అట, ఆ గుర్తులు గాయకుడు ఎడ్ షీరన్ ఆల్బమ్‌ల పేర్లట. 2021లో జట్టుకి స్పాన్సర్‌గా వచ్చాడట. నువ్వు గోడకి బొమ్మ అంటించుకున్న మనిషిది మా పక్క ఊరేనని అలా తెలిసింది నాకు.

పోయిన వారం ఆఫ్ దొరికితే అతను పెరిగిన ఫ్రామ్లింగమ్ వెళ్లొచ్చాను. ఆ ఊరికి రైలు లేదు, బస్సులోనే పోవాలి. ఓ పాత కోట, దాని పక్కన చెరువు, చుట్టూ పొలాలు. కోట గోడ మీద నడుస్తుంటే గాలికి చున్నీ మొహానికి చుట్టుకుపోయింది. ఇంతకుమించి ఏమీ లేదక్కడ. 'తెనాల్లో ఉంటే నన్నెవరు వింటారక్కా' అని నువ్వు అంటావు చూడు, ఆ మాటే గుర్తొచ్చింది. నాటకాల ఊళ్లో పుట్టి అనాల్సిన మాటేనా అది?

ఇంకో సంగతి. అతనికి చిన్నప్పుడు నత్తి ఉండేది. ఎమినెమ్ అనే ర్యాపర్ ఆల్బమ్ ఒకటి మొత్తం బట్టీ పట్టి, ఆ వేగంతో పాడీ పాడీ పోగొట్టుకున్నానని 2015లో ఒక సభలో తనే చెప్పాడు. నిన్ను తాతయ్య అరుగు మీద కూర్చోబెట్టి గజేంద్రమోక్షం పద్యాలు చెప్పించేవాడు, గుర్తుందా? పద్యంలో తడబడేవాడివి కాదు, లేచి 'మంచినీళ్లు' అనబోతే మాత్రం నోరు తిరిగేది కాదు. నువ్వు ఇవాళ ఇంత గొంతు ఎత్తి పాడుతున్నావంటే సగం పుణ్యం ఆయనది.

ఇక అసలు విషయం. అతను 2008లో లండన్ చేరాడు. అప్పటికి పదిహేడేళ్లవాడు. జేమ్స్ మారిసన్ అనే గాయకుడు ఒక్క ఏడాదిలో 200 కచేరీలు చేశాడని ఎక్కడో చదివి, నేను అంతకంటే ఎక్కువ చేస్తానని పంతం పట్టాడు. 2009లో 300 పైగా చేశాడు. కచేరీలంటే స్టేడియాలనుకునేవు, అప్పుడు పాడిందంతా చిన్న చిన్న పబ్బుల్లో. సంచీలో తన సీడీలు పెట్టుకుని, పాడాక అక్కడే అమ్ముకునేవాడు. తెలిసినవాళ్ల సోఫాల మీద పడుకునేవాడు. అదీ దొరకని రోజు తెల్లవారుజామున అయిదింటికి మెట్రో తలుపులు తీసేదాకా ఆగి, అప్పట్లో గుండ్రంగా తిరిగిన సర్కిల్ లైన్ రైలెక్కి మధ్యాహ్నం దాకా నిద్రపోయేవాడట. ఇది నాన్న వినేలా చదవకు. నువ్వూ రైళ్లలో పడుకోనక్కర్లేదు. నైట్ డ్యూటీలు చేసేదాన్ని, నిద్ర లేకపోవడంలో గొప్పేమీ లేదని నాకు తెలుసు. నాకు నచ్చింది ఆ 300 అనే లెక్క.

పద్దెనిమిదేళ్లప్పుడు ఇల్లూ వాకిలీ లేనివాళ్ల ఆశ్రయంలో పాడటానికి వెళ్లి, అక్కడ ఒకమ్మాయి కథ విని 'ది ఎ టీమ్' రాశాడు. అది పెద్ద కంపెనీ ద్వారా విడుదలై బ్రిటన్ పాటల చార్టులో మూడో స్థానంలో నిలిచింది 2011 జూన్‌లో. ఈ మధ్యలో సొంతంగా ఈపీలనే చిన్న ఆల్బమ్‌లు వేసుకుంటూనే ఉన్నాడు. లండన్ ర్యాపర్లతో కలిసి చేసిన అయిదోది 2011 జనవరిలో ఏ కంపెనీ అండా లేకుండానే ఐట్యూన్స్‌లో రెండో స్థానానికి వెళ్లింది. ఏప్రిల్‌లో లండన్ కామ్డెన్‌లో ఒక చిన్న హాల్లో ఉచితంగా పాడతానంటే వెయ్యి మందికి పైగా వచ్చిపడ్డారు. హాలు పట్టలేదు. ఎవర్నీ ఉత్తగా పంపకుండా నాలుగుసార్లు పాడాడు, చివరిది హాలు మూసేశాక వీధిలో.

నిన్న మా ఊరి కార్న్‌హిల్ చౌక్‌లో ఒక కుర్రాడు నువ్వడిగిన పెడల్ పెట్టుకుని పాడుతున్నాడు. దగ్గరగా నిలబడి చూశాను. కాలితో మీట నొక్కి, గిటార్ పెట్టె మీద అరచేత్తో నాలుగు దెబ్బలు కొట్టాడు. మళ్లీ నొక్కాడు, ఆ దెబ్బలు వాటంతటవే తిరుగుతున్నాయి. దాని మీద తీగలు మీటాడు, అదీ తిరగసాగింది. ఆపైన 'ఊ' అని ఓ కూనిరాగం కలిపాడు. మన హరిదాసు గజ్జెలు, చిడతలు, గొంతు అన్నీ ఒక్కడే నడిపించడం లేదూ, అలాగే ఉంది. కాకపోతే హరిదాసు తాళం తప్పితే వెంటనే సర్దుకుంటాడు. ఈ పెట్టె తప్పును కూడా పట్టుకుని తిప్పి తిప్పి వినిపిస్తుంది. ఆ కుర్రాడి రెండో దెబ్బ కాస్త ఆలస్యంగా పడింది. పాట అయ్యేదాకా అదే కుంటి నడక. జనం ఆగలేదు. వాడు నవ్వి, మొత్తం చెరిపేసి మళ్లీ మొదలుపెట్టాడు. నేనో పౌండు వేసి వచ్చాను.

నువ్వు రెండేళ్లలో నెట్‌లో నాలుగు పాటలు పెట్టావు, అన్నీ తలుపు గడియ వేసుకుని. గిటార్ పట్టుకుని ఎంతమంది ఎదుట నిలబడ్డావు? బాబాయి కూతురి పెళ్లిలో ఒక్కసారి, అదీ కరెంటు పోయిందని సగంలో దిగిపోయావు. షీరన్ 2025 ఫిబ్రవరిలో బెంగళూరు చర్చ్ స్ట్రీట్‌లో పాడుతుంటే పోలీసు వచ్చి మైకు వైరు పీకేశాడు, వీడియో నాకు పంపింది నువ్వే. ఆ రాత్రే శిల్పారావుతో కలిసి మన 'చుట్టమల్లే' పాడాడు. నువ్వు అదొక్కటే పదిసార్లు చూసుంటావు. వైరు పీకింది కూడా చూడు.

బేరం ఇదీ. యాభైసార్లు జనం ముందు పాడు. గుడి ఉత్సవాలు, కాలేజీ, బర్త్‌డే ఫంక్షన్లు, గాంధీ చౌక్, ఏదైనా సరే. ఒక నోటుబుక్ పెట్టి తేదీ, చోటు, ఎంతమంది విన్నారు, ఎంతమంది మధ్యలో లేచిపోయారు రాయి. లేచిపోయినవాళ్ల లెక్కలో అబద్ధం రాయకు, అమ్మని కూడా అడుగుతాను. యాభై నిండిన రోజు ఫొటో తీసి పంపు, ఇక్కడి నుంచి వచ్చేవాళ్ల చేతికి పెడల్ ఇచ్చి పంపిస్తాను. నాన్నతో నేను మాట్లాడతాను, నీ పాటకి ఒక్క ఏడాదే అడుగుతాను. అంతకుమించి నేనూ మాటివ్వలేను.

అమ్మకి కందిపొడి అయిపోయిందని చెప్పు. ఈసారి వెల్లుల్లి కాస్త ఎక్కువ వెయ్యమను.

నీ అక్క