ఆరుగురికి ఆరు సీసాలు ఎందుకు?

సంపాదకులకు నమస్కారం.

వైన్ గురించి పత్రికల్లో ఎప్పుడు రాసినా ఏది కొనాలి, దేనికెన్ని మార్కులు, ఏ వంటకంతో ఏది నప్పుతుంది అన్న దగ్గరే ఆపేస్తున్నారు. కొని, ఏళ్ల తరబడి దాచి, ఏదో ఒక రాత్రి స్నేహితులంతా భోజనానికి కూర్చున్నప్పుడు దాన్ని తెరవడం గురించి మాత్రం ఎవరూ రాయరు. అసలు గొడవంతా అక్కడే ఉంది కాబట్టి ఈ ఉత్తరం. వైన్ ముట్టని పాఠకులు పేజీ తిప్పేయొచ్చు, నేనేమీ అనుకోను.

నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. "ఎవరి దగ్గరున్న మంచి సీసా వాళ్లు పట్టుకు రండి" అనే పిలుపు మానేయాలి. వినడానికి బాగానే ఉంటుంది, కానీ ఆరుగురు వస్తే ఆరు సీసాలొస్తాయి, ఎవరికి వాళ్లు తమది ఎప్పుడు తెరుస్తారా అని చూస్తూ కూర్చుంటారు, మూడోది దాటేసరికి నాలుకలు మొద్దుబారతాయి, మాటలు గట్టిపడతాయి, ఇరవై ఏళ్లు చీకట్లో పడుకున్న సీసా వంతు అయిదోసారికి వచ్చి ఎవరూ పట్టించుకోకుండానే గ్లాసుల్లో ఖాళీ అవుతుంది. అప్పుడు దాన్ని తెచ్చినవాళ్ల ముఖం చూడాలి. ఆరుగురికి మూడు సీసాలు చాలు. అందులో పాతది ఒక్కటే ఉండాలి, మహా అయితే రెండు.

కావాలంటే లెక్కేసి చూడండి. మామూలు సీసాలో 750 మిల్లీలీటర్లు పడుతుంది. ఆరుగురికి పంచితే మనిషికి 125. రుచి చూడటానికీ, కాస్త గ్లాసులో ఉంచి వాసన ఎలా మారుతోందో గమనించడానికీ అది సరిపోతుంది. ఆరు సీసాలు తెరిస్తే మనిషికి నిండు సీసా పడ్డట్టే. 13 శాతం ఆల్కహాల్ ఉన్న వైన్ అయితే ఒక్కొక్కరి ఒంట్లోకి 75 గ్రాముల పైన స్వచ్ఛమైన ఆల్కహాల్ వెళ్తుంది, చాలా దేశాల్లో ఒక డ్రింకు అని లెక్కపెట్టేది 10 గ్రాముల్నే. మూడు సీసాలైనా తక్కువేం కాదు, ఇంటికి ఎవరు బండి నడుపుతారో ముందే తేల్చుకోవాలి. వైన్ పరీక్షించేవాళ్లలా నోట్లో తిప్పి ఉమ్మేయండి అని కొందరు సలహా ఇస్తారు. స్నేహితుడు ఇన్నేళ్లు దాచి తెచ్చింది అతని ఎదురుగా ఉమ్మడం నా వల్ల కాదు, అందుకే సీసాలే తగ్గించమంటున్నాను.

ఇంకో కారణం వైన్‌లోనే ఉంది. అమ్మకానికొచ్చే వైన్‌లో చాలా భాగం కొద్ది ఏళ్లలో తాగేయడానికే చేస్తారు, దాస్తే బాగుపడేది తక్కువ. అలా బాగుపడేవి ఫ్రాన్స్ బోర్డో ఎరుపుల్లో గట్టివి, ఇటలీ బరోలో, జర్మనీ రీస్లింగ్, ఫ్రాన్స్‌దే తియ్యటి సోతెర్న్, పోర్చుగల్ వింటేజ్ పోర్ట్ లాంటివి. ఎర్ర వైన్‌లో వగరు ద్రాక్ష తొక్కల నుంచీ గింజల నుంచీ వస్తుంది, ఆ వగరునిచ్చే పదార్థాలనే టానిన్లు అంటారు. ఏళ్లు గడిచేకొద్దీ ఈ టానిన్లు రంగునిచ్చే పదార్థాలతో కలిసి, ఒకదానికొకటి అతుక్కుని, బరువెక్కి మడ్డిగా అడుగుకు దిగుతాయి. అందుకే పాత ఎరుపు నోటికి మెత్తగా తగులుతుంది, రంగు ఇటుక రంగులోకి తిరుగుతుంది. తెలుపు సంగతి వేరు, అది ముదురుతూ బంగారు రంగుకొస్తుంది. పాత ఎరుపులో తాజా పండ్ల వాసనలు తగ్గిపోయి ఎండుటాకులు, తోలు, పుట్టగొడుగులు, పొగాకు గుర్తుకొచ్చే వాసనలు బయటపడతాయి. ఇవన్నీ సన్నటి వాసనలు. కుర్ర వైన్ నోరంతా వగరుతో నింపేశాక దీన్ని పోస్తే డప్పుల మోత తర్వాత వీణ కచేరీ పెట్టినట్టుంటుంది.

కుర్రవి ముందు, పాతవి తర్వాత అనే సూత్రం చాలా పుస్తకాల్లో ఉంది. నేను దానికి ఒప్పుకోను. నిపుణులు చిన్న చిన్న గుక్కలతో రుచి చూసే చోట అది చెల్లుతుందేమో, ఆకలితో కూర్చుని కడుపునిండా తింటూ తాగే చోట చెల్లదు. బుడగల వైన్‌తోనో తేలికైన తెలుపుతోనో నోరు తడిచేసుకుని, వెంటనే పాత ఎరుపు పోయండి. నాలుక బాగా పనిచేసేది అప్పుడే. గట్టిది, కుర్రది ఆ తర్వాత ఎప్పుడొచ్చినా దాని గొంతు అది వినిపించుకుంటుంది. తియ్యటిది ఉంటే మాత్రం చివరికే, తీపి తర్వాత మిగతావన్నీ పుల్లగా తోస్తాయి.

ఇదంతా కుదరాలంటే పిలిచిన ఇంటివాళ్లకు ఏం వస్తోందో ముందే తెలియాలి. చాలామంది సర్‌ప్రైజ్ అని చెప్పి, తలుపు దగ్గర నిలబడి సంచిలోంచి పాత సీసా తీస్తారు. దారంతా ఊగుతూ వచ్చింది కాబట్టి లోపలి మడ్డి మొత్తం పైకి లేచి ఉంటుంది, తెరిస్తే వైన్ మసగ్గా, చేదుగా వస్తుంది. పడుకోబెట్టి దాచిన సీసాను తెరవడానికి ఒకటి రెండు రోజుల ముందే నిలబెట్టాలి, మడ్డి అడుగుకు చేరడానికి. అంటే భోజనానికి ముందే సీసా ఆ ఇంటికి చేరాలి. ఒక ఫోన్ చేసి "ఇది తెస్తున్నాను, ముందే పంపిస్తాను, నిలబెట్టి ఉంచండి" అంటే సర్‌ప్రైజ్ పోతుంది, నిజమే. వైన్ దక్కుతుంది కదా.

తెరిచేటప్పుడు కూడా ఓపిక కావాలి. పాత బిరడా నాని, మెత్తబడి, మామూలు మరతో లాగితే ముక్కలుముక్కలవుతుంది. రెండు పలచటి రేకులు బిరడాకి ఇరువైపులా దింపి మెల్లగా తిప్పుతూ లాగే సాధనం ఒకటి దొరుకుతుంది, పాతవి తెరిచే అలవాటున్నవాళ్లు అది ఉంచుకోవాలి. ఒకవేళ బిరడా విరిగి లోపల పడితే టెన్షన్ పడక్కర్లేదు, సన్నటి జల్లెడతో వడగడితే సరి. డికాంటర్‌లోకి, అంటే వైన్ వంచుకునే గాజు పాత్రలోకి, పోసేటప్పుడు సీసా మెడ వెనక ఒక దీపం పెట్టుకుని, మడ్డి గీతలా మెడ దాకా రాగానే ఆపేయాలి. అడుగున కాసిని మిల్లీలీటర్లు పోతాయి, పోనివ్వండి. గంటల ముందు తెరిచి గాలి తగలనివ్వాలన్న మాట కుర్ర వైన్ల సంగతి, ముప్పై ఏళ్ల సీసాకి అదే పని చేస్తే గ్లాసులోకి వచ్చేలోపే వాసన ఎగిరిపోవచ్చు. అలాంటిది తాగే ముందే తెరవాలి, అందరూ కుర్చీల్లో కూర్చున్నాక. ఫొటోల కోసం ఖాళీ గ్లాసులు పట్టుకుని నిలబడే వాళ్ల కోసం దాన్ని ఆపకండి దయచేసి.

ఇక చెడిపోయిన సీసా సంగతి. దీని గురించే స్నేహితుల మధ్య ఎక్కువ మొహమాటం ఉంటుంది. తెరవగానే తడిసిన అట్టపెట్టె వాసనో, చెమ్మ పట్టిన గది వాసనో వస్తే అది బిరడా దోషం, టీసీఏ అనే రసాయనం వల్ల వస్తుంది. లీటరు వైన్‌లో గ్రాములో వంద కోట్లవ వంతులు ఏ కొన్ని ఉన్నా ముక్కుకి తెలిసిపోతుంది. ఆరోగ్యానికేం చెరుపు చేయదు కానీ వైన్‌లో వేరే వాసనేదీ మిగలనివ్వదు. ఇందులో తెచ్చినవాళ్ల తప్పు ఇసుమంతైనా లేదు, దాచిన పద్ధతికీ దీనికీ సంబంధం లేదు. అయినా ఆ క్షణంలో చుట్టూ ఉన్నవాళ్లు "బాగుంది, బాగుంది" అంటూ మింగుతారు, తెచ్చిన మనిషికి విషయం తెలుసు, వీళ్లకీ తెలుసు, ఎవరూ నోరెత్తరు. నా ఉద్దేశంలో ఆ మాట తెచ్చినవాళ్లే ముందు అనాలి. వాళ్లు మొదటి గుక్క తాగి "పోయింది, పారబోద్దాం" అన్నారంటే బల్ల చుట్టూ ఊపిరి తేలికవుతుంది. అందుకే పాతది తెచ్చేవాళ్లు ఇంకొకటి, కొంచెం మామూలుదైనా సరే, వెంట తెచ్చుకోవాలి. అవసరం పడకపోతే తిరిగి పట్టుకెళ్లొచ్చు, అందులో నామోషీ ఏమీ లేదు.

తిరిగి పట్టుకెళ్లడం అంటే గుర్తొచ్చింది. స్నేహితులు ఇచ్చిన సీసాను అక్కడే తెరవాలా, ఉంచుకోవాలా అన్నది ఎన్ని ఇళ్లలో చిన్న చిన్న అలకలకు దారి తీసిందో. ఇచ్చేవాళ్లే చెప్పేయాలి: "ఇది ఈ రాత్రికి" అనో, "ఇది మీకు, తర్వాత తాగండి" అనో. చెప్పకుండా ఇచ్చి, తెరవలేదని లోలోపల నొచ్చుకోవడం ఏం న్యాయం? అలాగే ఒకరు గొప్ప సీసా తెస్తే మిగతావాళ్లు దానికి సరితూగేది తేవాలన్న లెక్క పెట్టుకోకూడదు. కొంతమంది ఆ భయంతోనే పిలుపులకు రావడం మానేస్తారు. ఈసారి ఒకరు, ఇంకోసారి ఇంకొకరు అనుకుంటే మూడు సీసాల పద్ధతి దానంతట అదే నిలబడుతుంది.

సీసా మీది చీటీని చూసి తాగేవాళ్ల గురించి కూడా రెండు మాటలు. 1976లో పారిస్‌లో వైన్ వ్యాపారి స్టీవెన్ స్పరియర్ పెట్టిన పోటీ సంగతి వైన్ చదువరులకు తెలిసిందే. పేర్లు కనబడకుండా రుచి చూసిన ఫ్రెంచ్ న్యాయనిర్ణేతలు కాలిఫోర్నియా వైన్లకు మొదటి స్థానాలు ఇచ్చారు. ఇప్పుడలా ఉన్నా కాలిఫోర్నియావి దాస్తే నిలవవు, ఫ్రెంచివి ముదిరాక చూడండి అని అప్పట్లో సర్దిచెప్పుకున్నవాళ్లున్నారు. ముప్పై ఏళ్ల తర్వాత 2006లో అవే ఎర్ర వైన్లను మళ్లీ తెరిస్తే రిడ్జ్ వాళ్ల 1971 మాంటె బెల్లో మొదట నిలిచింది, మొదటి అయిదూ కాలిఫోర్నియావే. అనుభవజ్ఞులే ఇలా పొరబడే చోట మన భోజనాల బల్ల దగ్గర సంవత్సరం చూసి తలలూపడం దేనికి? రూడీ కుర్నియావాన్ కథ ఇంకా చేదు. ఫ్రాన్స్‌లోని బర్గండీ, బోర్డో ప్రాంతాల పాత వైన్ల పేర్లతో నకిలీలు తయారుచేసి ఏళ్ల తరబడి సంపన్నులకు అమ్మాడు. పాన్సో ఎస్టేటు వాళ్ల క్లో సాందెనీ పేరుతో 1945 నాటి సీసా కూడా వేలానికి పెట్టబోయాడు, కానీ ఆ ఎస్టేటు ఆ వైన్ చేయడం మొదలుపెట్టిందే 1980ల్లో! 2013లో దోషిగా తేలాడు, మరుసటి ఏడాది పదేళ్ల శిక్ష పడింది. ఈలోపు అతని సీసాలు తెరిచి, ఆహా అని మెచ్చుకున్నవాళ్లు తక్కువమందా? అందుకే నాకు సీసాకి కాగితం చుట్టి పోయడం ఇష్టం. తెచ్చినవాళ్లకూ, పిలిచిన ఇంటివాళ్లకూ మాత్రమే తెలుస్తుంది. అయితే ఇది క్విజ్ కాకూడదు, ఏ ఊరు, ఏ సంవత్సరం అని ఎవరినీ అడగకూడదు. అందరూ తాగాక కాగితం విప్పి ఎక్కడ కొన్నారో, ఎందుకు దాచారో చెప్తే వినడానికి బాగుంటుంది. నాకైతే వైన్ కన్నా ఆ కబురే ఎక్కువ ఇష్టం, ఎవరికీ చెప్పకండి.

దాచినవాళ్లలో ఇంకో రకం ఉన్నారు, ఏ భోజనమూ ఆ సీసాకి తగదనుకునేవాళ్లు. పెళ్లిరోజుకి వద్దు, పుట్టినరోజుకి వద్దు, ఇంకా పెద్ద సందర్భం రావాలి. 1999లో వాల్‌స్ట్రీట్ జర్నల్‌లో వైన్ శీర్షిక రాసే డొరొతీ గెయిటర్, జాన్ బ్రెచర్ దంపతులు ఇలాంటి పాఠకుల కోసమే ఒక రాత్రిని పెట్టారు. ఏటా ఫిబ్రవరి చివరి శనివారం, ఎప్పటికీ తెరవలేకపోతున్న ఆ ఒక్క సీసాను తెరిచేయమని. తేదీ ఉంటే తప్ప కదలనివాళ్లకు మంచి ఉపాయమే.

అసలు ఇంట్లో దాచిన చాలా సీసాలు సరైన చోట ఉండవన్నది అందరూ మరిచిపోతున్నారు. పన్నెండు పదమూడు డిగ్రీల చల్లదనం, చీకటి, కదలిక లేని చోటు, బిరడా ఎండిపోకుండా కొంత తేమ కావాలి. అలమారా పైన, వంటగది పక్కన, ఎండ తగిలే గోడ దగ్గర పెట్టింది పెరగదు, ఉడుకుతుంది. మీ దగ్గర అలాంటిది ఉంటే ఒకసారి వెలుగులో పెట్టి చూడండి. వైన్ మట్టం మెడ దిగి భుజం దాకా వచ్చినా, బిరడా పైకి పొడుచుకొచ్చినా, పక్కన జిగటగా కారిన గుర్తులున్నా ఇంకో పదేళ్లు ఆగడంలో అర్థం లేదు. ఈ నెలలోనే దగ్గరి వాళ్లను పిలిచి తెరవండి, పక్కన ఇంకొకటి సిద్ధంగా పెట్టుకుని.

ఇట్లు,
మీ పాఠకులలో ఒకరు