అట్టముక్క మీద మీ బాబాయి పేరు

సత్యనారాయణపురం,
విజయవాడ.

చి. అమ్ములుకు నాన్న ఆశీర్వదించి వ్రాయునది.

ఇక్కడ అందరం క్షేమం. అమ్మ మోకాలి నొప్పి కొంత తగ్గింది. బొమ్మల వేలం ఎలా జరిగిందని నిన్న నువ్వు ఫోనులో అడిగినప్పుడు బాగానే జరిగిందని ఒక్క ముక్కలో తేల్చేశాను. పక్కన బంధువులు కూర్చుని ఉన్నారు. పైగా నేను చెప్పవలసినది ఫోనులో నోరు పెగిలి చెప్పగలిగేది కాదు. అందుకే ఈ ఉత్తరం.

అక్టోబరు 10 ప్రపంచ మానసిక ఆరోగ్య దినోత్సవం కదా, కాలనీ తరఫున ఏదైనా చేద్దామని సంఘంలో మాట వచ్చినప్పుడు మొదట అందరూ ర్యాలీ అన్నారు, ఫ్లెక్సీ అన్నారు. ఫ్లెక్సీ సంగతి నీకు తెలియనిది కాదు. మూడో రోజుకల్లా ఎవరి డాబా మీదో వడియాల కింద పరుచుకుంటుంది. ఎదురింటి అబ్బాయి బొమ్మలు వేయడం చదువుకున్నవాడు. 1998లో స్విట్జర్లాండులోని జ్యూరిచ్‌లోనూ, మరుసటి ఏడు అమెరికాలోని షికాగోలోనూ ఫైబరుతో నిలువెత్తు ఆవులను చేయించి, కళాకారుల చేత రంగులు వేయించి వీధుల్లో నిలబెట్టారనీ, షికాగోలో అవి మూడు వందల పైచిలుకనీ, తరువాత వాటిని వేలం వేసి వచ్చిన సొమ్మును సేవా కార్యక్రమాలకు ఇచ్చారనీ అతడే చెప్పాడు. కొండపల్లి ఇంత దగ్గరలో ఉండగా మనకు ఫైబరు ఆవులెందుకు, అంబారీ ఏనుగులు లేవా అన్నది మాత్రం నేను.

రంగు వేయని ఏనుగులను ఇరవై నాలుగు తెప్పించాం. వాటితోపాటు బొమ్మలు చేసే పెద్దాయన ఒకరు రెండు శనివారాలు వచ్చి మాకు పని నేర్పారు. తెల్ల పొణికి చెక్క ఎంత తేలికో చేతిలోకి తీసుకుంటే గాని తెలియదు. కాళ్ళు, తొండం, అంబారీ విడివిడిగా చెక్కి, చింతగింజల పిండిలో రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికి, దాని మీద సున్నం పూసి, అది ఆరిన తరువాతే రంగు ముట్టుకోవాలి. నాకు ఓపిక తక్కువ. తొండం దగ్గర మక్కు ఆరకముందే సున్నం పూశాను, తెల్లవారేసరికి వెంట్రుకవాసి పగులు వచ్చింది. "లోపల తడి ఉండగా పైన పూత వేస్తే ఇంతేనండీ" అని పెద్దాయన నవ్వారు. ఆయన బొమ్మ గురించే అన్నారు. నేను మాత్రం ఆ పూట గోరుతో సున్నం గీకుతూ చాలాసేపు కూర్చున్నాను.

ఇక పార్కు గోడ దగ్గర చిన్న గొడవ పడ్డాను. పిల్లలు సీతాకోకచిలుకలు వేస్తే ముచ్చటగానే ఉంది. ఆ పక్కన ఎవరో "ఎప్పుడూ నవ్వుతూ ఉండండి" అని రాయబోయారు. నవ్వలేకపోవడమే జబ్బయినవాడికి ఆ మాట ఏం చెబుతుంది? అక్కడ 14416 అని రాయించాను. టెలీ మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ కేంద్రం నంబరు అది. 2022 అక్టోబరు 10న మొదలైంది, ఏ వేళనైనా ఉచితంగా తెలుగులో మాట్లాడతారు. పసుపు మీద నలుపు, ఒక్కో అంకె నాలుగడుగులు, మా రైల్వే స్టేషన్ల బోర్డుల మాదిరిగా. గోడ అందం చెడిందని కొందరు నొచ్చుకున్నారు. చెడితే చెడనీ.

వచ్చిన డబ్బు ఎవరికన్నది కూడా చెప్పాలి. 2015-16లో బెంగళూరులోని మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ వారు 12 రాష్ట్రాలలో జరిపిన జాతీయ సర్వేలో పెద్దవారిలో నూటికి పదిమందికి పైగా ఏదో ఒక మానసిక రుగ్మతతో ఉన్నారనీ, రుగ్మతను బట్టి 70 నుంచి 92 శాతం మందికి వైద్యమే అందడం లేదనీ తేలింది. ప్రభుత్వాసుపత్రిలో మందులు ఉచితంగా ఇచ్చినా, నెలనెలా పల్లె నుంచి రోగిని వెంటబెట్టుకుని రావాలంటే ఇద్దరి బస్సు ఛార్జీ, ఇద్దరి కూలీ పోతాయి. రెండు నెలలు వచ్చి మూడో నెల మానేసేది చాలామంది అందుకే. మా సొమ్ము ఆ ఛార్జీలకే.

ఇప్పుడు అసలు సంగతి. మీ బాబాయికి మాటలు తక్కువ అనే నీకు చిన్నప్పటి నుంచి చెప్పాం. అతడికి ఇరవై ఆరో ఏట జబ్బు చేసింది. నిద్ర పోయింది, ఉద్యోగానికి వెళ్ళడం మానేశాడు, గోడ అవతల ఎవరో తననే తిడుతున్నారనేవాడు. తాయెత్తులు కట్టించాం, అడిగినవారికి కువైట్ వెళ్ళాడని చెప్పాం, నాలుగేళ్ళ తరువాత ఒక రాత్రి రిక్షాలో డాక్టరు దగ్గరకు తీసుకువెళ్ళాం. మందులు పని చేశాయి. రెండేళ్ళు మామూలు మనిషిగా తిరిగాడు, నిన్ను భుజాన వేసుకుని బ్యారేజీ మీద నడిచాడు. అంతలో సంబంధం కుదిరింది. అవతలివారు మాత్రలు చూస్తారేమోనని ఆ సీసాను కాలువలో పడేసినది నేనే. జబ్బు తిరగబెట్టింది, పెళ్ళి ఆగింది, ఆ తరువాత పోయేదాకా అతడు వెనక గది దాటి రాలేదు.

ప్రతి ఏనుగుకూ ఒక అట్టముక్క కట్టి, ఎవరి కోసం వేశారో దాని మీద రాయమన్నారు. చాలామంది "అందరి ఆరోగ్యం కోసం" అని రాశారు. నేను మీ బాబాయి పేరు, జబ్బు పేరు రాసి, "మందులు మాన్పించినది అన్నయ్య" అని కింద చేర్చాను. వేలంలో నా ఏనుగు నాలుగు వేలకు పోయింది. కొన్న ఆయన ఆ అట్టముక్కను విప్పి నా చేతిలో పెట్టి, "బొమ్మ షోకేసులో పెట్టుకుంటామండీ, ఇది ఇంట్లో ఎందుకు?" అన్నారు. ఆయన మీద నాకు కోపం రాలేదు. ముప్పై ఏళ్ళు నేను చేసినదీ అదే.

పోయిన ఏడాది నువ్వు డాక్టరు దగ్గరకు వెళుతున్నానని చెప్పినప్పుడు, సంబంధాలు చూస్తున్న వేళ ఎవరితోనూ అనకు అన్నాను. ఆ మాట తప్పు. దానిని వెనక్కు తీసుకుంటున్నాను. మొన్న సంబంధం గురించి వచ్చినవారి ఎదుట, అమ్మాయి మందులు వాడుతున్నదని చెప్పడమో మానడమో అమ్మాయి ఇష్టమనీ, మాన్పించే మాట మాత్రం ఈ ఇంట్లో ఉండదనీ మనసులో అనుకునే కూర్చున్నాను. నువ్వు సరేనంటే ఒకసారి నీతోపాటు డాక్టరు దగ్గరకు వస్తాను, బయట బల్ల మీద కూర్చోమన్నా కూర్చుంటాను. ఇంకొకటి, 2018 మే 29 నుంచి అమలులో ఉన్న మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం శరీర రోగాలకు ఇచ్చినట్లే వీటి చికిత్సకూ బీమా ఇవ్వాలి. మీ కంపెనీ పాలసీ కాగితాలు ఒకసారి తీసి చూడు.

ఆ అట్టముక్కను ఈ కవరులోనే పెడుతున్నాను. నీ దగ్గరే ఉంచుకున్నా సరే, సంక్రాంతికి వచ్చేటప్పుడు తెచ్చినా సరే. తెస్తే హాలులో మీ బాబాయి ఫొటో కింద పెడదాం. మేకు నిన్ననే కొట్టాను.

మీ నాన్న